గట్టు మీద సైన్సు, చేలో మనం

(రాజమండ్రిలో పల్లె కార్యకర్తల తరగతిలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నించి భూమి గురించి మాట్లాడుకున్నాం. కూలి రేట్ల గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు సైన్సు గురించి చెప్తామనగానే మీలో కొందరు మొహమొహాలు చూసుకున్నారు. "అది చదువుకున్నోళ్ళ గొడవండీ, మనకెందుకు" అని వెనక వరసలోంచి ఒక మాట కూడా వినబడింది. అన్నవాళ్ళని మేము తప్పుపట్టం. ఆ మాట మనచేత అనిపించినవాళ్ళు వేరే వున్నారు. వాళ్ళ సంగతే ఇప్పుడు చెప్పుకోబోతున్నాం.

సైన్సంటే ఆకాశంలోకి పోయే రాకెట్టు ఒక్కటే కాదు. మన వీపు మీద మోసే మందు పంపు సైన్సే. పేట పక్క మురుక్కాలవలో పుట్టే దోమ సైన్సే. కొబ్బరితోటల కింద నుంచి పోయే గ్యాసు గొట్టం, రేడియోలో చదివే తుఫాను నంబరు, ఆశా కార్యకర్త చేతిలో పెట్టే మాత్ర, ఇవన్నీ సైన్సే. వీటిల్లో ఏది చెడినా ముందు దెబ్బ తగిలేది మనకి. వీటి గురించి ఆఖరున తెలిసేదీ మనకే. ప్రమాదం ఎవరి ఒంటి మీదికొస్తుందో వాళ్ళకి ముందు చెప్పాలి, వాళ్ళకి తెలిసిన మాటల్లో చెప్పాలి, వాళ్ళు తిరిగి చెప్పేది రాసుకోవాలి. మేము అడిగేది ఇంతే. జరుగుతున్నది మాత్రం దీనికి తలకిందులు.

వూళ్ళో వ్యవసాయ శాఖ వాళ్ళు మీటింగు పెట్టారనుకోండి. ఎక్కడ పెడతారు? సొసైటీ ఆఫీసులోనో, రామకోవెల అరుగు మీదో, పెద్దరైతు పందిట్లోనో. ఎన్నింటికి? పదింటికి, మనం చేలో మోకాటిలోతు నీళ్ళలో వున్నప్పుడు. ఎవర్ని పిలుస్తారు? పాసుపుస్తకం వున్నవాణ్ణి. మన గోదావరి జిల్లాల్లో పాసుపుస్తకం ఒకరిది, సేద్యం ఇంకొకరిది. భూమిగలాయన రాజమండ్రిలోనో, భీమవరంలోనో, హైదరాబాదులోనో వుంటాడు. కొడుకు అమెరికాలో వుంటాడు. కౌలుదారు అప్పు తెచ్చి పెట్టుబడి పెడతాడు. ఆకు తీసేది, ఊడ్చేది, కలుపు తీసేది, మందు కొట్టేది మనం. సైన్సు పై మెట్టు మీద కూర్చుని, టీ తాగి, జీపెక్కి వెళ్ళిపోతుంది. కౌలుదారు దాకా సగం వస్తుంది. మందు కొట్టేవాడి దాకా వచ్చేది ఒక్క మాటే: "ట్యాంకుకి ఒక మూత పొయ్యరా."

ఆ మూతలో ఏముందో చూద్దాం. 1968లో పురుగుమందుల చట్టం చేశారు. 1971లో దానికి నిబంధనలు రాశారు. వాటి ప్రకారం ప్రతి డబ్బా మీదా మూల మీద నిలబెట్టిన పలక లాంటి బొమ్మ వుండాలి. దాని కింది సగంలో రంగు వేస్తారు. ఎరుపు అంటే అతి తీవ్రమైన విషం. పసుపు అంటే తీవ్రమైన విషం. నీలం అంటే ఒక మోస్తరు విషం. ఆకుపచ్చ అంటే తక్కువ విషం. తక్కువ అన్నారు గాని, లేదు అనలేదు.

చదువు రాని మనిషి ఆ ఆకుపచ్చ చూసి ఏమనుకుంటాడు? రైలుకి ఆకుపచ్చ చూపిస్తే పొమ్మని అర్థం. వాతావరణ శాఖ ఆకుపచ్చ చూపిస్తే హెచ్చరిక ఏదీ లేదని అర్థం. చేలో ఆకుపచ్చగా వుంటే పైరు బావుందని అర్థం. లోకమంతా భయం లేదని చెప్పే రంగుని తీసుకొచ్చి విషం డబ్బా మీద వేసి, దాని అర్థం మీరే తెలుసుకోండి అన్నారు. నీలం మన జెండా రంగు. డబ్బా మీది నీలం మాత్రం మన పక్షం కాదు, గుర్తుపెట్టుకోండి!

రంగుల అర్థం అక్షరాల్లోనే వుంది. ఆ అక్షరాలు చీమ తలకాయంత. హిందీలో, ఇంగ్లీషులో, తెలుగులో రాయాలని నిబంధన వుంది కాబట్టి రాశారు. రాయడం వేరు, చెప్పడం వేరు. రాసిన తెలుగైనా మన తెలుగా? "చర్మ సంపర్కము నివారించవలెను" అంటే ఎవరికి తెలుస్తుంది? ఒంటి మీద పడనివ్వకండి అంటే ఏం పోయింది?

ఒంటి మీద పడితే ఏమవుతుందో చెప్పేవాళ్ళు లేక, విషం నోట్లోకి పోతేనే ప్రమాదమని మనవాళ్ళు అనుకుంటున్నారు. చాలా మందులు చర్మంలోంచి లోపలికి దిగుతాయి. పంపు కారి వీపంతా తడిస్తే, ఆ తడిచొక్కాతోనే సాయంత్రం దాకా వుంటే, గుక్కెడు తాగినట్టే. గాలికి ఎదురుగా కొడితే ఊపిరిలోంచి పోతుంది. మందు కొట్టిన చేతులు కడక్కుండా బీడీ కాలిస్తే నోట్లోంచీ పోతుంది. చొంగ కారడం, చెమటలు పట్టడం, వాంతులు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, కండలు అదరడం, ఇవి ఒకరకం పురుగుమందులు ఎక్కినప్పటి గుర్తులు. ఆస్పత్రిలో వాటికి అట్రోపిన్ అనే విరుగుడు ఇంజక్షను వుంది. మనిషిని తీసుకెళ్ళేటప్పుడు మందు పేరు కూడా తీసుకెళ్ళాలి. ఏ మందో తెలిస్తే డాక్టరు తడుముకోవక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మన పేటకి ఎప్పుడైనా వచ్చాయా?

అదే నిబంధనల్లో మందు వాడే మనిషికి రక్షణ దుస్తులు ఇవ్వాలని కూడా వుంది. మన దగ్గర రక్షణ దుస్తులంటే మూతికి కట్టుకునే తువ్వాలే. గాజు సీసాకి అట్టపెట్టె, అట్టపెట్టెకి గడ్డి, ఆ పైన పట్టీ. సీసాకున్న రక్షణ మనిషికి లేదు.

ఇక మనం చెప్పేది వాళ్ళు వినే సంగతి. ఇది అసలే లేదు. సుడిదోమ సంగతి తీసుకోండి. అది వరిదుబ్బు మొదట్లో, నీటికి పైన, నీడలో గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. ఆకు మీద కూర్చోదు. గట్టు మీద నిలబడిన ఆసామికి పైరు పచ్చగానే కనబడుతుంది. చేను సుడులు సుడులుగా ఎండిపోయి పడిపోయాక గాని ఆయనకి తెలియదు. మరి ముందు ఎవరికి కనబడుతుంది? వంగి కలుపు తీస్తున్న ఆడమనిషికి. ఆమె చెయ్యి దుబ్బు మొదట్లో వుంటుంది, కళ్ళు కూడా అక్కడే వుంటాయి. "దోమ పడిందండీ" అని ఆమె అంటే, "నీకేం తెలుసే, పని చూసుకో" అంటారు. వారం తర్వాత ఆఫీసరు వచ్చి అదే మాట చెప్తే పేపర్లో వేస్తారు.

తెగుళ్ళ పేర్లు చూడండి. అగ్గితెగులు, ఉల్లికోడు, తాటాకు తెగులు, మానిపండు తెగులు, పొడతెగులు. ఉల్లికోడు ఎందుకన్నారు? పురుగు లోపల చేరినప్పుడు పిలక ఉల్లికాడలా గొట్టమై పోతుంది గనక. అగ్గితెగులు ఎందుకన్నారు? చేను నిప్పంటుకుని మాడినట్టు వుంటుంది గనక. ఈ పేర్లు కాలేజీలో పుట్టినవి కావు. చేలో బతికినవాళ్ళ నోట పుట్టాయి. శాస్త్రవేత్తలు తమ తెలుగు పుస్తకాల్లోకి తీసుకున్నారు, మంచిదే. పేరు పెట్టినవాడికి పుస్తకం చేరలేదు. మా గొడవంతా అక్కడే.

మార్టేరు పరిశోధనా కేంద్రం మన పశ్చిమగోదావరిలోదే. అక్కడ తయారైన ఎంటీయూ 7029 విత్తనం 1982లో స్వర్ణ పేరుతో వచ్చింది. మన డెల్టాలోనే కాదు, ఒరిస్సా, బెంగాలు దాకా పాకింది. గొప్ప పని, కాదనం. దానికో చిక్కుండేది. వరద నీట్లో రోజుల తరబడి మునిగితే కుళ్ళిపోయేది. ఒరిస్సా పల్లపు చేలల్లో పేద రైతులు తరాలుగా కాపాడుకుంటూ వచ్చిన ధల్‌పుట్టియా అనే నాటు వడ్ల నుంచి ఏరిన ఎఫ్ఆర్ 13ఎ అనే రకంలో మునకని తట్టుకునే గుణం వుంది. ఆ గుణాన్ని ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ స్వర్ణలోకి తెచ్చింది. 2009లో స్వర్ణ సబ్-1 మన దేశంలో విడుదలయింది. రెండు వారాల మునకని తట్టుకుంటుంది. శాస్త్రవేత్తల పేర్లు పరిశోధనా పత్రాల్లో వున్నాయి. నాటు విత్తనాన్ని కాపాడిన రైతుల పేర్లు ఏ పత్రంలోనూ కనబడవు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేశాడని ఈ డెల్టాలో వూరూరా విగ్రహం పెట్టుకున్నాం. కాలవలు తవ్విన కూలీలకి విగ్రహం మేమైతే ఎక్కడా చూడలేదు.

తెలుగులో సైన్సు రాయడం ఈ రాజమండ్రికి కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ఇక్కడ కూర్చునే శరీరం గురించి, నక్షత్రాల గురించి, జంతువుల గురించి తెలుగు పుస్తకాలు రాశారు. 1906లో పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి సైన్సు పుస్తకాలు అచ్చువేసింది. మరి ఆ రోజుల్లో మన పిల్లలు ఎక్కడున్నారు? బడి అరుగు కింద కూడా కాదు, పాలేరుతనంలో పశువుల వెనక. పుస్తకం తెలుగులో వున్నా బడి మన కులానికి మూసివుంటే, ఆ తెలుగు మనకి ఇంగ్లీషుతో సమానం. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడారు. ఆయన సవర పిల్లలకి వాళ్ళ సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు తయారుచేశారు. చివరి రోజుల్లో ఈ రాజమండ్రిలోనే వున్నారు. ఆయన పోరాటం కథల్లో, పత్రికల్లో గెలిచింది. సైన్సు పాఠంలో ఓడిపోయింది. ఆకు ఎండతో తిండి వండుకుంటుందని చెప్పాల్సిన చోట "కిరణజన్య సంయోగక్రియ" అని బల్లగుద్ది చెప్తున్నారు. మన పిల్ల ఆ మాట పలకలేక నిలబడితే, "వీళ్ళకి బుర్ర వుండదు" అని మాస్టారు తేల్చేస్తాడు. బుర్ర లేనిది పిల్లకా, ఆ మాట కట్టినవాడికా?

మనలోనూ ఈ పని చేసినవాడున్నాడు. కుసుమ ధర్మన్న గారు ఈ వూరివాడే. వైద్యం చదివినవాడు. మందిచ్చిన చేత్తోనే 'జయభేరి' పత్రిక నడిపాడు, అంటరానితనం మీద పాటలు కట్టాడు. పాటలు కట్టిన ధర్మన్నని మనం గుర్తుంచుకున్నాం. వైద్యుడైన ధర్మన్నని మర్చిపోయాం. నాడి చూడ్డానికి చెయ్యి పట్టుకోవాలి కదా! మన చెయ్యి పట్టుకోనన్న వైద్యులున్న రోజుల్లో ఒక మాలవాడు వైద్యుడయ్యాడంటే అదెంత పనో ఆలోచించండి.

సరే, తుఫాను దగ్గరికి వద్దాం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫాను మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటుంది. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్ళిన బెస్తవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. తుఫాను వచ్చినప్పుడల్లా "కాకినాడ రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు" అని చెప్తారు. మనం ఏమనుకుంటాం? నంబరు పెద్దదైతే ప్రమాదం పెద్దదని. కొంతవరకు నిజమే, పూర్తిగా కాదు. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో వాయుగుండమో తుఫానో వుందని చెప్తాయి. మూడు, నాలుగు రేవుకే గండం రావచ్చని. అయిదు, ఆరు, ఏడు అంటే ప్రమాదం. ఈ మూడింటికీ తేడా ప్రమాదం ఎక్కువా తక్కువా అని కాదు, తుఫాను రేవుకి ఏ పక్కనుంచి దాటుతుందని. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, మహా ప్రమాదంలో పక్కలు. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో మాట్లాడే దారి తెగిపోయిందని.

ఈ లెక్క ఓడ నడిపేవాడి కోసం కట్టింది. వాడికి పనికొస్తుంది. లంకలో పాకేసుకున్నవాడికి కావలసిన కబురు వేరు. నీళ్ళు ఎంత ఎత్తున వస్తాయి, ఎన్ని గంటలకి వస్తాయి, ఏ గట్టెక్కాలి, గొడ్డూగోదా ఎటు తోలాలి, షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది. ఇప్పుడు ఫోనుకి మెసేజీ వస్తుంది, పసుపు, నారింజ, ఎరుపు అని రంగులు కూడా చెప్తున్నారు. మేలే. ఫోను లేని ముసలమ్మకి ఎవరు చెప్తారు? షెల్టరులోకి మనల్ని రానిస్తారా, వేరే వరండా చూపిస్తారా? అది కూడా హెచ్చరికలో భాగమేనని మేమంటాం. వెళ్ళే చోటు లేనివాడికి వెళ్ళమని చెప్పడం కబురు కాదు.

బోదకాలు సంగతి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి పేటలోనూ చీరకుచ్చెళ్ళు కిందికి లాక్కుని కాలు దాచుకునే అమ్మలున్నారు. రాజమండ్రిలో బోదకాలు మీద శిక్షణ, పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ శాఖ ఎప్పట్నించో వుంది. ఆ జబ్బుకి కారణం సన్నటి పురుగు. ఒకరి రక్తంలోంచి ఇంకొకరికి దోమ మోస్తుంది. ఆ దోమ మురికినీళ్ళలో పుడుతుంది, రాత్రిళ్ళు కుడుతుంది. వూరి మురుగంతా ఎటు పారుతుంది? పల్లానికి. పల్లంలో ఎవరి ఇళ్ళున్నాయి? మనవి. ఈ ఒక్క మాట ఏ పోస్టరు మీదా రాయలేదు. పోస్టరు మీద "పరిశుభ్రత పాటించండి" అని వుంటుంది. వూరి మురుగు మన గుమ్మం ముందుకి తోలేసి, పరిశుభ్రత మమ్మల్ని పాటించమంటారా?

రక్తపరీక్షకి రాత్రిపూట వచ్చేవారు. ఎందుకు రాత్రి? పురుగు పిల్లలు పగలు లోపలి అవయవాల్లో దాక్కుని, దోమలు కుట్టే వేళకి, అర్ధరాత్రి దగ్గర్లో, పైరక్తంలోకి వస్తాయి. అద్భుతమైన సంగతి అది, పిల్లలకి కథలా చెప్పొచ్చు. ఎవరూ చెప్పలేదు. చీకట్లో టార్చిలైటు వేసుకుని వచ్చి తలుపు కొట్టి రక్తం ఇమ్మంటే, మనవాళ్ళు రక్తం అమ్ముకుంటున్నారేమోనని భయపడ్డారు. దాన్ని మూఢనమ్మకం అన్నారు. చెప్పకపోవడానికి పేరేం పెట్టారు?

2004 నుంచి బోదకాలు వున్న జిల్లాలన్నిట్లో ఏడాదికోసారి డీఈసీ మాత్రలు పంచారు. "జబ్బున్నోళ్ళకి ఇవ్వండి, నాకెందుకు" అని చాలామంది మాత్ర పుచ్చుకుని గూట్లో పడేశారు. ఎందుకంటే కాలు వాచనివాడి రక్తంలో కూడా పురుగు పిల్లలు వుండొచ్చు, వాడి నుంచి పక్కింటి బిడ్డకి పోవచ్చు, అందుకే అందరూ ఒకేసారి మింగితేనే గొలుసు తెగుతుంది అని విడమరిచి చెప్పినవాళ్ళు తక్కువ. మాత్ర మింగాక కొందరికి జ్వరం, కళ్ళు తిరగడం వచ్చింది. ఒంట్లో పురుగులు చస్తున్నప్పుడు అలా రావచ్చు. ఆ సంగతి ముందే చెప్తే ధైర్యంగా వుండేవాళ్ళు. తర్వాత చెప్తే సాకులా వినబడింది. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, బాగా జబ్బుపడ్డవాళ్ళకి ఆ మాత్ర ఇవ్వకూడదని కూడా కొన్ని చోట్ల మనవాళ్ళే అడిగి తెలుసుకున్నారు. ముదిరిన కాలు మాత్రతో తగ్గదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టుకుని, పడుకున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే పుండ్లు, జ్వరాలు తగ్గుతాయి. బోదకాలున్న అమ్మకి ఈ మాట మాత్రకన్నా ఎక్కువ పనికొస్తుంది.

గ్యాసు సంగతి మరీ దారుణం. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి పేలి అరవై అయిదు రోజులు మండింది. రాత్రి కూడా పగల్లా వుండేది. చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు. ఆ తర్వాతైనా గొట్టాల పక్కనున్న పేటలకి పాఠం చెప్పాల్సింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం లీకై అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాసు లీకవుతోందని ముందే చెప్పామని ఆ వూరివాళ్ళు అప్పుడు పత్రికల వాళ్ళతో మొత్తుకున్నారు. పొడి గ్యాసు పోవలసిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన గ్యాసు పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. వూరివాళ్ళు చెప్పిన మాట నెల ముందు రికార్డయితే అది సమాచారం. చచ్చాక కమిటీ రాస్తే అది నివేదిక. మనకి సమాచారం కావాలి.

ఒక్క ముక్క ఇక్కడ నేర్చుకుని వెళ్ళండి. భూమిలోంచి వచ్చే గ్యాసుకి తనకంటూ ఘాటువాసన వుండదు. వంట సిలిండరులో వచ్చే ఆ కంపు కావాలని కలిపింది, లీకైతే తెలియడానికి. పెద్ద గొట్టాల్లో పోయే గ్యాసుకి ఆ వాసన వుంటుందని నమ్ముకోవద్దు. బుసబుసమని చప్పుడు, నేల మీద పొగమంచులాంటి ఆవిరి, తడినేలలో బుడగలు, అక్కడక్కడ గడ్డి ఎండిపోవడం, వీటిల్లో ఏది కనబడినా అగ్గిపుల్ల గీయొద్దు, లైటు స్విచ్చి వేయొద్దు, బండి స్టార్టు చెయ్యొద్దు, దూరంగా నడిచి వెళ్ళి అప్పుడు ఫోను చెయ్యండి.

2017 మార్చిలో మొగల్తూరు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో వ్యర్థాల ట్యాంకులో విషవాయువుకి అయిదుగురు కూలీలు చనిపోయారు. ట్యాంకు చావుల్లో తరచూ జరిగేది ఒకటే. ఒకడు దిగి పడిపోతాడు, వాణ్ణి కాపాడబోయి రెండోవాడు, రెండోవాడి కోసం మూడోవాడు. కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే గ్యాసు మోతాదు పెరిగితే ముక్కుకి వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గింది కదా అని దిగితే అదే ఆఖరు. మన బాబుల్ని దించేవాడికి ఇది తెలుసో తెలీదో గాని, దిగేవాడికి మాత్రం తెలియాలి. సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం.

చెప్పకపోవడం ఒక ఎత్తు. చెప్పకుండా మన ఒంటి మీద పని చెయ్యడం ఇంకో ఎత్తు. గోదావరికి ఎగువన, అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం ప్రాంతంలో 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే టీకా ప్రాజెక్టు ఒకటి నడిచింది. పద్నాలుగు వేల మంది దాకా ఆడపిల్లలకి వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో వున్నవాళ్ళు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2010 ఏప్రిల్లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ తీరుని గట్టిగా తప్పుపట్టింది. మమ్మల్ని అపార్థం చేసుకోవద్దు. ఆ టీకా మంచిదే. మన ఆడపిల్లలకీ రావాలి, వుచితంగా రావాలి. అప్పుడు పిల్లల మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. మా కోపం టీకా మీద కాదు. కోయ తల్లికి చెప్పడం అనవసరం అనుకున్న ఆ బుద్ధి మీద. ఆమెకి అర్థం కాదని ముందే తీర్మానించుకుని, వార్డెను చేత సంతకం పెట్టించిన బుద్ధి మీద. అలా చేసినందువల్ల మంచి టీకాకే చెడ్డపేరు వచ్చింది.

అమెరికాలో నల్లవాళ్ళకీ ఇదే జరిగింది. అలబామా రాష్ట్రంలో టస్కీగీ అనే వూరుంది. అక్కడ 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్ళు, సవాయి జబ్బున్న నల్లజాతి పేదరైతుల్ని "మీకు చెడ్డరక్తం వుంది" అని చెప్పి, వైద్యం చేస్తున్నామని నమ్మించి, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. చేసింది ప్రభుత్వ వైద్యశాఖ.

అదే టస్కీగీలో ఇంకో సైన్సు కూడా నడిచింది. జార్జి వాషింగ్టన్ కార్వర్ బానిస తల్లికి పుట్టినవాడు. చదువుకుని శాస్త్రవేత్త అయి 1896లో అక్కడి నల్లవాళ్ళ విద్యాసంస్థకి వచ్చాడు. ఏటేటా పత్తే వేసి నేల చచ్చిపోయిందని, బొబ్బర్లు, వేరుశనగ, చిలగడదుంప వేస్తే నేల కోలుకుంటుందని, ఇంటికి తిండీ వస్తుందని చెప్పాడు. రైతులు కాలేజీకి రాలేరని తెలిసి, 1906లో గుర్రబ్బండిలో పనిముట్లు, విత్తనాలు వేసుకుని కాలేజీనే వాళ్ళ చేలల్లోకి పంపించాడు. పేదవాడి వంటింట్లో పనికొచ్చేలా చిన్న చిన్న పుస్తకాలు రాశాడు. ఆ బండి ఎవరి పందిరి ముందు ఆగిందో గమనించండి. కౌలురైతు గుడిసె ముందు.

మన దగ్గరా అలాంటి బండి ఒకసారి తిరిగింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు జిల్లాలో పేటల్లోకి, రాత్రిబళ్ళలోకి వెళ్ళింది. సారాతో చితికిన ఇల్లాలి కథ పాఠంలో వుంటే, ఆడవాళ్ళు ఆ పాఠంలో తమని తాము చూసుకున్నారు. దూబగుంటలో సారా కొట్టు మూయించారు. 1992లో ఆ మంట రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో జన విజ్ఞాన వేదిక వాళ్ళు కళాజాతాలతో చాలా తిరిగారు, ఆ మేలు మేము మర్చిపోం. వాళ్ళకి మా మాట ఒకటే. చేతబడి లేదని మా పేటకొచ్చి చెప్పండి, చప్పట్లు కొడతాం. అక్కణ్ణించి వూళ్ళోకి వెళ్ళి, మైల లేదని, అంటు లేదని, రక్తంలో కులం కనబడదని కూడా అదే గొంతుతో చెప్పండి. పేటకో సైన్సు, వూరికో సైన్సు వుండకూడదు కదా. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ ప్రకారం శాస్త్రీయ దృక్పథం ప్రతి పౌరుడి విధి. వూరిపెద్ద కూడా పౌరుడే.

ఇక కార్యకర్తలకి పని. ఏ శాఖ మీటింగైనా పేటలో, పనులు అయ్యాక, పొద్దుగూకిన తర్వాత పెట్టమని అర్జీ రాయండి. ఆఫీసరు రాకపోతే మనలో నర్సు చదివిన పిల్ల వుంటుంది, బీఎస్సీ చదివి ఖాళీగా వున్న కుర్రాడుంటాడు, వాళ్ళచేత చెప్పించండి. వాళ్ళకి తెలియనిది తెలియదని చెప్పమనండి, సిగ్గుపడక్కర్లేదు. ఆడవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి, మగాళ్ళు మాట్లాడేశాక వాళ్ళ వంతు అనొద్దు.

ప్రతి పేటకి ఒక నోటుబుక్కు పెట్టండి. దోమ పడిందని ఎవరు ఏ రోజు చూశారు, గొట్టం దగ్గర చప్పుడు ఎప్పుడు విన్నారు, మందు కొట్టినవాడు ఎప్పుడు పడిపోయాడు, తేదీతో సహా రాయండి. అర్జీ ఇస్తే రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ముప్పై రోజుల్లో చెప్పాలని అడగండి. మన నోటి మాటని కొట్టిపారేస్తారు, తేదీ వున్న కాగితాన్ని కొట్టిపారెయ్యడం కొంచెం కష్టం.

వచ్చే తరగతికి మీ మీ చేలల్లో వాడే మందు డబ్బాల మీది బొమ్మల్ని ఫోనులో ఫొటో తీసి తెండి. డబ్బాలు మాత్రం చేత్తో పట్టుకుని తేవద్దు, పిల్లలచేత అసలు ముట్టించొద్దు. కడిగి నీళ్ళకో నూనెకో వాడుతున్నవాళ్ళుంటే ఈ రాత్రే ఆపించండి. పేటలో జనం అడిగే ప్రశ్నలు కూడా రాసి పంపండి. రాయడం రానివాళ్ళు చెబుతుంటే బడిపిల్లలు రాస్తారు. ఒక్కో ప్రశ్నకి తెలిసినవాళ్ళని పట్టుకుని జవాబు రాబట్టి ఈ పత్రికలోనే వేద్దాం. గ్యాసు గొట్టం పక్కనున్న పేటలవాళ్ళు ముందు పంపండి.